రొద కింద గొంతు

"రెండింటికల్లా ఈ ఫైలు మూసెయ్యాలి," అన్నాడు బాంగ్ జింగు, గడప దాటకుండానే. "సినిమాలకి చప్పుళ్ళు చేసిపెట్టే పెద్దావిడ. తడి బండమీద కాలు జారింది, తల రాతి గట్టుకి తగిలింది. ఇందులో మీరు పొద్దున ఏడింటినుంచీ తవ్వుతున్నదేంటి సీనియర్?"

ఇన్‌స్పెక్టర్ యోమ్ యున్‌సిల్ తల ఎత్తలేదు. నేలమీద సుద్దతో గీసిన మనిషి ఆకారం పక్కన గొంతుక్కూర్చుని ఉంది. శవం దగ్గర ఎలా నిలబడాలో తొమ్మిదేళ్ళ కిందట బాంగ్‌కి నేర్పింది ఆమే. ఇప్పుడతను టీమ్ లీడర్. సీనియర్ అన్న పిలుపొక్కటే మిగిలింది. అందులోనూ ఈమధ్య కాస్త వెటకారం చేరింది.

"టీమ్ లీడర్ గారు ఆ టైములు ఇంకోసారి చెప్తారా?" అంది.

"ఎన్నిసార్లు చెప్పను? గేటు కెమెరా చూశాం. దర్శకుడు గుక్ జేవన్ మూడూ అయిదుకి వచ్చాడు, మూడూ ముప్ఫై నాలుగుకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఈ బిల్డింగులోకి పిట్ట కూడా రాలేదు. నాలుగూ పదికి ఈ గదిలో సినిమా మొదటి ఘట్టం మోగింది, గార్డు చెవులారా విన్నాడు. అంటే ఆవిడ బతికుంది, పని చేసుకుంటోంది. అయిదూ అయిదుకి అదే గార్డు శవాన్ని చూశాడు. మధ్యలో ఎవరూ లేరు. ఇంక జారిపడక ఏమవుతుంది?"

"ఆమె కాళ్ళకి ఏమున్నాయి?"

"ఏమున్నాయి?"

"ఉన్ని మేజోళ్ళు. ఈ తడి బండమీదకి రావాలంటే రబ్బరు చెప్పులు వేసుకుంటుంది, అవిగో, అరలో పొడిగా ఉన్నాయి. మైకుమీద గుడ్డ కప్పి ఉంది. పని చేసుకుంటున్న మనిషి మైకుకి ముసుగెందుకు వేస్తుంది?"

బాంగ్ ఒక్క క్షణం ఆ గుడ్డవైపు చూశాడు. "అలసిపోయి ఆపేసి ఉంటుంది. రెండింటికి, సీనియర్," అనేసి మెట్లు దిగిపోయాడు.

యున్‌సిల్ లేచి గది మళ్ళీ ఒకసారి కలియజూసింది. గోడ పొడుగునా అరల్లో నూట నలభై జతల చెప్పులు, బూట్లు. ఏ ఒక్క జతా పియో గాప్‌సున్ సొంతం కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె హీరోయిన్లకీ, హంతకులకీ, స్కూలు పిల్లలకీ అడుగుల చప్పుడు అరువిచ్చింది. నేలలో అయిదు గుంటలు: ఇసుక, కంకర, ఎండుటాకులు, చెక్క, చివరిది నీళ్ళు పోసే నాపరాయి. ఒక మూల కాబేజీ దుబ్బులు, ఎముకలు విరిగే చప్పుడుకి. టేబుల్ మీద రెండరల డబ్బా. ఒక అరలో పుట్టినరోజుకి వండుకునే సముద్రపు నాచు సూప్ గడ్డకట్టి ఉంది. ఇంకో అర ఖాళీ. పక్కన ఒకే ఒక్క జత చాప్‌స్టిక్‌లు.

నిన్న గాప్‌సున్ పుట్టినరోజు. అరవై ఒకటి నిండాయి. తన సూప్ తనే వండుకుంది.

ఆమె ఫోనులో పదకొండు నంబర్లున్నాయి. అందులో నాలుగు సినిమా ఆఫీసులు, ఒకటి పళ్ళ డాక్టరు. రాత్రి శవాన్ని అప్పగించడానికి బంధువు అనేవాళ్ళు దొరకలేదు. భర్త పోయాక యున్‌సిల్ తన ఫోనులో నంబర్లు ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. పెట్టుకోవాలనిపించనూ లేదు.

సూప్ డబ్బా కింద ఒక కాగితం నొక్కిపెట్టి ఉంది. ఏ సెకనులో ఏ చప్పుడు రావాలో రాసుకునే పట్టీ. అన్ని గళ్ళూ ఇంకుతో నింపి ఉన్నాయి. అడుగున మాత్రం పెన్సిల్‌తో, నిన్నటి తేదీ వేసి, "రొద తీసేశాను. పాత కాపీ చెరిపేశాను. 1:52" అని ఉంది.

ఏ రొద?

యున్‌సిల్ టేబుల్ మీది కంప్యూటర్లో ఉన్న సినిమా ఫైలు నొక్కింది. తెరమీద ఒక వంటిల్లు వచ్చింది. సినిమా పేరు లేదు, సంగీతం లేదు. తెల్లవారుజామున ఉండే నీలం వెలుగు. కెమెరా చెప్పుల ఎత్తులో, నేలకి ఆనుకుని ఉంది. ఒక ఆడమనిషి పాదాలు, లంగా అంచు, గిన్నె కడిగే చేతులు. ముఖం మాత్రం కనిపించదు. కుళాయి బొట్టు, మనిషి ఊపిరి, అంతే చప్పుడు. కిటికీలోంచి గోడమీద పడ్డ వెలుతురు ఒకచోట ఉన్నట్టుండి పక్కకి జారి, వంకరగా నిలబడిపోయింది. తర్వాత తలుపుమీద మూడు దెబ్బలు. ఆడమనిషి చెయ్యి ఆగిపోయింది. అప్పుడు ముఖం.

యున్‌సిల్ ఫైలు ఆపి కుర్చీ వెనక్కి జరిపింది. తెరమీద జరిగింది ఏమీ లేదు. కానీ ఆ వంటింట్లో ఇంకెవరూ లేరన్న సంగతి మూడు నిమిషాలపాటు మెడమీద చల్లటి చెయ్యి వేసినట్టుంది.

* * *

గార్డు తక్ మన్‌బోక్‌కి అరవై ఆరేళ్ళు. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. అతని బల్ల సరిగ్గా ఆ గది తలుపు ఎదురుగానే ఉంది.

"పెద్దాయనా, నిన్న సూప్ మీకూ ఇచ్చిందా?"

"ఇచ్చింది ఇన్‌స్పెక్టరమ్మా. సగం నాకే పోసింది. 'ఒక్కదాన్నే తింటే పుట్టినరోజులా ఉండదు' అంది మాస్టారు. నేనేమో టీవీలో ఆట వస్తోందని గిన్నె తీసుకుని ఇటొచ్చేశాను." అతను ముక్కు చీదాడు. "కూర్చుని తినాల్సింది."

"మూడింటికీ మూడున్నరకీ మధ్య ఏదైనా పడ్డ చప్పుడు విన్నారా?"

"ఆ గదిలో మనుషులు రోజూ పడతారమ్మా. పొడుచుకుంటారు, ఉరేసుకుంటారు. పదకొండేళ్ళుగా వింటున్నాను. ఏ చప్పుడని లేచెళ్ళను?"

"మరి నాలుగూ పదికి విన్నది?"

"అదే కదా, సినిమా మొదలు. తలుపు రబ్బరు చిరిగి ఆర్నెల్లయింది. ఇరవై రోజులుగా అది నా బుర్ర తొలిచేస్తోంది. ముందు గిన్నె చప్పుడు, దాంతోపాటే ఫ్రిజ్ రొద. గుయ్యిమని ఒకటే రొద. అది ఠక్కున ఆగిపోతుంది. తర్వాత తలుపు మూడుసార్లు కొడతారు."

యున్‌సిల్ పెన్ను ఆగింది. "ఫ్రిజ్ రొద. నిన్న నాలుగూ పదికి. ఖాయమేనా?"

"ఖాయమా అంటే? ఆ రొదకి ఈ బల్ల అద్దం వణుకుతుంది. నిన్నా వణికింది."

"ఎన్నిసార్లు వేసింది?"

ముసలాయన వేళ్ళమీద లెక్కపెట్టబోయాడు. "ఒక్కసారే. ఇప్పుడు మీరంటే గుర్తొస్తోంది. మాస్టారెప్పుడూ అలా ఒక్క బిగిన వెయ్యదు. రెండు క్షణాలు వేసి ఆపుతుంది, మళ్ళీ వేస్తుంది, ఇరవైసార్లు. నిన్న మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి మోగి ఊరుకుంది."

"శవాన్ని చూశాక ముందు ఎవరికి ఫోన్ చేశారు?"

"దర్శకుడు గారికి. ఆవిడకి ఇంకెవరున్నారమ్మా? పావుగంటలో వచ్చేశారు, మీవాళ్ళకంటే ముందే. నన్ను బయట ఉండమని ఒక్కరే లోపలికెళ్ళి చాలాసేపు ఏడ్చారు."

* * *

గుక్ జేవన్ పదకొండింటికి వచ్చాడు. నలుపు కోటు, నలుపు స్వెట్టరు, చేతిలో రెండు కాఫీలు. ఒకటి ఆమె ముందు పెట్టి, అడక్కుండానే గాప్‌సున్ కుర్చీలో కూర్చున్నాడు.

"మాస్టారు లేకపోతే నా సినిమాకి చెవుల్లేవు ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు. గొంతు బాగానే వణికింది.

"నాకు సినిమాల గురించి తెలీదు. ఆ మొదటి మూడు నిమిషాల్లో అంత గొప్పేముంది? పరదేశంలో సినిమా పండుగలకి కూడా పిలిచారట."

అతని ముఖంలోకి ప్రాణం వచ్చింది. "అందరూ శవంతోనో ఛేజింగుతోనో మొదలుపెడతారు. దాంతో ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, అంతే. ఉలికిపాటు పది క్షణాల్లో చల్లారిపోతుంది. నేను ముందు అతన్ని ఒంటరివాణ్ణి చేస్తాను. పక్క సీట్లో పెళ్ళాం ఉన్నా సరే. అందుకే కెమెరా నేలమీద పెట్టాను. చిన్నపిల్లలు, పెంపుడు కుక్కలు, దెబ్బతిన్నవాళ్ళు, వీళ్ళే లోకాన్ని ఆ ఎత్తునుంచి చూసేది. ముఖం చూపిస్తే ధైర్యం వస్తుంది, కాబట్టి చూపించను. సంగీతం పెడితే 'ఇది సినిమా' అని గుర్తొస్తుంది, కాబట్టి పెట్టను. ఫ్రిజ్ రొద మాత్రం పెడతాను. నిమిషంలో మనం దాన్ని మర్చిపోతాం. అప్పుడు ఆపేస్తాను. భయం రొదలో లేదు ఇన్‌స్పెక్టర్ గారూ, అది ఆగడంలో ఉంది."

యున్‌సిల్‌కి తన ఇల్లు గుర్తొచ్చింది. మూడేళ్ళుగా ఆమె వంటింట్లో ఫ్రిజ్ తెల్లవార్లూ గుయ్యిమంటూనే ఉంటుంది. అది ఆగినప్పుడల్లా ఆమెకి మెలకువ వస్తుంది. అప్పుడు లేచి, చూసినా చూడకపోయినా టీవీ పెట్టుకుంటుంది.

"గోడమీద వెలుతురు జారుతుందే, అది?"

"నిమిషం ఇరవై దగ్గర." అతను నవ్వాడు. "అందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు. వారం రోజులు ఆలోచించి పెట్టాను. ఇల్లే పక్కకి ఒరిగిపోయినట్టుంటుంది కదా?"

"నిన్న మూడింటికి ఎందుకొచ్చారు?"

"మాస్టారే రమ్మంది. ఇద్దరం కలిసి ఆ ఘట్టం చూశాం. చాలా తృప్తిపడింది."

"రొద ఆగే చోటు కూడా చూశారా?"

"చూడకపోతే ఎలా? అదే కదా ప్రాణం. 'చూడండి, ఇక్కడ గుండె జారుతుంది' అంది. మూడున్నరకి నేను బయల్దేరాను. నాలుగూ పదికి కాఫీ షాపులో అయిదుగురితో ఉన్నాను. అడగండి."

"అడిగాం. ఈ ఘట్టం కాపీ ఇంకెవరి దగ్గరుంది?"

"నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. బయటికి పొక్కితే కొంప మునుగుతుంది."

ఆమె ఆ మాట పొల్లుపోకుండా రాసుకుంది. అప్పుడు జేవన్ చూపు ఆమె పెన్ను మీదనుంచి జరిగి, టేబుల్ మీద తెరిచి ఉన్న పట్టీ మీద పడింది. ఆమె దాన్ని మూసిపెట్టలేదు. పెదాలు కదపకుండానే అతను ఆ పెన్సిల్ వాక్యం చదివాడు. కాఫీ కప్పు టేబుల్ మీద పెట్టేశాడు.

"ఎందుకడిగారు, రొద గురించి?" అన్నాడు.

"ఊరికే. తెలుసుకుందామని."

అతను లేచాడు. లేచేటప్పుడు కోటు అంచు తగిలి పట్టీ కిందపడింది. తీసివ్వలేదు. తలుపు దగ్గర ఆగి, "ఆ గార్డు పెద్దాయన పాపం బాగా కుంగిపోయాడు," అని వెళ్ళిపోయాడు.

* * *

పదిహేను నిమిషాల తర్వాత బాంగ్ వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"కంప్యూటరూ సరంజామా దర్శకుడికి అప్పగించమని సంతకం పెట్టేశాను. సినిమా ఎల్లుండి విమానం ఎక్కాలట. పైనుంచి ఫోన్ కూడా వచ్చింది. ఇక ఇంటికెళ్ళి పడుకోండి."

"నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా యాభై రెండుకి గాప్‌సున్ ఆ రొద తీసేసి, పాత కాపీ చెరిపేసింది," అంది యున్‌సిల్. "మూడింటికి తనతో కలిసి రొద ఆగడం చూసిందని ఇతనంటున్నాడు. లేని రొద ఎలా ఆగింది? నాలుగూ పదికి గార్డు విన్నదీ రొదే. ఈ గదిలో లేని కాపీ మోగింది. పాత కాపీ ఉన్నది ఒక్కడి దగ్గరే. నలభై నిమిషాలు చప్పుడు లేకుండా ఖాళీ పెట్టి, దాని వెనక ఆ ఘట్టం తగిలించి, నొక్కి వెళ్ళిపోయాడు. అయిదుంబావుకి పరిగెత్తుకొచ్చింది ఏడవడానికి కాదు. ఆ కాపీని తీసుకుపోవడానికి."

"ముసలాడి చెవుల్ని నమ్మి దర్శకుణ్ణి పట్టుకోమంటారా? ఎందుకు చంపుతాడు? ఒక ఫ్రిజ్ చప్పుడు తీసేసిందనా?"

"అదే తెలియాలి."

"మీకు పని లేక ఇది పెట్టుకున్నారు సీనియర్. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక శవాలతో మాట్లాడుతున్నారు."

ఆ మాట అన్నాక అతనే తల తిప్పుకున్నాడు. యున్‌సిల్‌కి చెంపదెబ్బ తగిలినట్టయింది. వంగి, కిందపడ్డ పట్టీ తీసింది. అది తిరగబడి ఉంది. వెనకవైపు ఒకే ఒక్క ముక్క, వంకరటింకర అక్షరాల్లో ఉంది.

"0:58. రొద కింద మనిషి గొంతు."

ఆమె వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. చప్పుడు ఎంత పెరుగుతుందో అంతా పెంచింది. బాంగ్ విసుగ్గా గుమ్మంలోనే నిలబడ్డాడు.

కుళాయి బొట్టు ఇప్పుడు సుత్తి దెబ్బలా ఉంది. నటి ఊపిరి గాలివానలా ఉంది. దాని వెనక ఎక్కడో దూరంగా వాకీటాకీ గరగర. యాభై ఎనిమిదో సెకను.

"సార్... నడుముకి తాడు కట్టుకోలేదు. దిగి కట్టుకొచ్చేస్తాను."

"దిగకు." అది జేవన్ గొంతు. "వెలుతురు పోతోంది. లైటు ఇంకొంచెం ఎడమకి వంచు."

"పట్టు దొరకట్లేదు సార్..."

"వంచమన్నానా!"

నిమిషం ఇరవై. గోడమీద వెలుతురు పక్కకి జారింది. కిటికీ అవతలినుంచి ఏదో బరువైనది నేలకి తగిలిన చప్పుడు వచ్చింది. వెలుతురు వంకరగా అలాగే నిలబడిపోయింది. నటి గిన్నె కడుగుతూనే ఉంది. ఎవరూ కట్ చెప్పలేదు.

బాంగ్ గుమ్మం దాటి లోపలికొచ్చాడు. "లైటు మనిషి," అన్నాడు మెల్లగా. "నామ్ చాంగ్‌హో. మొన్న చలికాలంలో. షూటింగ్ ముగిశాక, ఎవరికీ చెప్పకుండా టవర్ ఎక్కి, పడి చనిపోయాడని కేసులో రాశారు."

"ఆ నటి ఊపిరికోసం ఈ షాట్ వదులుకోలేకపోయాడు. వెలుతురు కూడా బాగుందనిపించింది. గొంతు కప్పడానికి పైన రొద వేయించి ఆవిడకి పంపాడు. పనిలో చెయ్యి తిరిగిన మనిషి కదా, అంత రొద ఎందుకని ఆవిడ తీసి చూసింది." యున్‌సిల్ ఫైలు ఆపింది. "ఇది విన్న తర్వాత మూడింటిదాకా ఆమె ఎవరికీ చెప్పకుండా ఎలా ఊరుకుందో తెలియట్లేదు. పుట్టినరోజునాడు, ఈ గదిలో ఒక్కతే."

బాంగ్ చెక్క గుంట అంచుమీద కూలబడ్డాడు.

"ఊరుకోలేదు," అన్నాడు.

"ఏంటి?"

"రెండూ ఇరవైకి స్టేషన్‌కి ఫోన్ చేసింది. నేనే ఎత్తాను." అతను రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "ఫ్రిజ్‌లోంచి చచ్చిపోయినవాడి గొంతు వినిపిస్తోందండీ అంది. ఒక్కతే ఉండే ముసలావిడ, మతి చలించిందనుకున్నాను. రేపు రండి అన్నాను. 'సరే, ముందు ఆయన్నే పిలిచి అడుగుతాను' అంది. అదే మంచిదమ్మా అన్నాను."

యున్‌సిల్ అతన్ని తిట్టలేకపోయింది. రెండింటికల్లా ఫైలు ఎందుకు మూసెయ్యాలో ఇప్పుడు అర్థమైంది. ఆ ఫోన్ తన టేబుల్‌కి వచ్చి ఉంటే తను మాత్రం ఏమనేదో ఆలోచించింది. ఆ ఆలోచన నచ్చలేదు.

"లే," అంది. చాలాకాలం తర్వాత అతన్ని ఏకవచనంలో పిలిచింది. "ఈ కంప్యూటర్‌కి సీలు వెయ్యి. ఆ కాగితం చించెయ్యి. రొద విన్నది ఆ పెద్దాయన ఒక్కడే. ముందు ఆయన్ని మన దగ్గర కూర్చోబెట్టాలి."

బాంగ్ లేవలేదు.

"దర్శకుడు తీసుకెళ్ళాడు సీనియర్. పెద్దాయన రాత్రినుంచీ ఏమీ తినలేదు, వేడిగా ఏదైనా తినిపించి ఇంట్లో దింపుతానన్నాడు. వాంగ్మూలం అయిపోయింది కదా అని... నేనే కారెక్కించాను. అరగంట కావస్తోంది."

ఆమె అప్పటికే ఫోన్ తీసింది. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి తక్ మన్‌బోక్ గొంతు వచ్చింది. వెనక కారు అద్దాలకి గాలి కొట్టుకుంటున్న చప్పుడు.

"ఇన్‌స్పెక్టరమ్మా! అన్నం తిన్నారా?"

"పెద్దాయనా, ఎక్కడున్నారు? కారు ఆపించి దిగిపోండి, ఇప్పుడే."

"ఊరు దాటేశామమ్మా. గాంగ్‌వన్ కొండల్లో ఎముకల పులుసు బ్రహ్మాండంగా ఉంటుందట. దర్శకుడు గారికి ఎంత మర్యాదో! దారిపొడుగునా మాస్టారి కబుర్లే. మీరేం అడిగారో అన్నీ అడిగి తెలుసుకున్నారు. రొద సంగతీ, బల్ల అద్దం సంగతీ, ఒక్కసారే మోగిందన్న సంగతీ, అన్నీ విడమర్చి చెప్పాను."

"ఆయన ఏమన్నారు?" ఆ ప్రశ్న తన నోట్లోంచే వచ్చిందో లేదో ఆమెకి తెలియలేదు.

"ఏమీ అనలేదమ్మా. ఇందాకటినుంచీ మాట్లాడట్లేదు. ఇదేంటో పెద్దరోడ్డు వదిలేసి మట్టిదారి పట్టించారు... సార్, ఇటు హోటళ్ళేమీ లేవు సార్..."

"ఫోన్ ఇటివ్వండి, పెద్దాయనా," అంది ఇంకో గొంతు, ఎంతో నెమ్మదిగా.

లైను తెగిపోయింది.

బాంగ్ మెట్లు మూడేసి చొప్పున దిగుతూ, ఆ కారు నంబరు వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. యున్‌సిల్ తాళాలు తీసుకుని అతని వెనకే పరిగెత్తింది.